అమ్మగారి తల్లిగారోళ్ళు

పోయిన నెల మూడో మంగళవారం పొద్దున, వనపర్తి దవాఖానలో, మనలో ఎంతోమందిని ఇంట్లో పెట్టుకొని చదివించిన అమ్మగారు చనిపోయారు. మీలో కొందరికి ఈ మాట ఇప్పటికే చేరి ఉంటుంది. చేరనివాళ్ళే ఎక్కువ. ఆమె పోయి ఇంకా నెల కాలేదు. ఇంత తొందరగా ఆమె గురించి రాయడం నాకు చేతకావడం లేదు, అయినా ఇప్పుడే రాయాలి. ఆమె భర్త అయ్యగారికి ఈ దేశంలో ఉండడానికి సర్కారు ఇచ్చిన కాగితం గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది. పదిహేనో తారీఖున ఆయన వనపర్తికి పోయి ఇక్కడే ఉంటానని దరఖాస్తు పెట్టాలి. లేదంటే వాళ్ళ దేశంలో ఉన్న ఆయన అన్న కూతురు పంపే టికెట్టు మీద విమానం ఎక్కాలి. ఏది చేయాలో ఆయనకు తోచడం లేదు. నన్ను అడిగారు. నాకూ తోచలేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. అడిగే ముందు అమ్మగారి గురించి చెప్పుకోనివ్వండి.

ఆ ఇంట్లో ఉండి చదువుకున్నవాళ్ళకు వాళ్ళెవరో చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. వాళ్ళిద్దరూ సముద్రం అవతల, ఏడాదిలో సగం రోజులు మంచు పడే దేశం నుంచి దేవుని పని కోసం వచ్చిన ఆలుమగలు. పెద్దమందడికి కొంచెం దూరంలో ఉన్న మా వాడకు వాళ్ళు వచ్చేటప్పటికి మా అమ్మకు నాలుగేళ్ళు. పంపిన సంఘంవాళ్ళు వయసైంది, ఇక రమ్మని పిలిచినా పోలేదు. వాళ్ళకు పిల్లలు లేరు.

వాళ్ళు దిగింది నడి ఎండాకాలంలో. ఆ మొదటి రోజుల కథ మా వాడ ఆడవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. వాళ్ళ దేశంలో ఇంట్లోకి వచ్చీ రాగానే తలుపు వేసుకోవడం అలవాటు, లేకపోతే చలి దూరుతుంది. ఇక్కడ కూడా అట్లాగే వేసుకున్నారు. మా దగ్గర పట్టపగలు తలుపు మూసి ఉందంటే ఇంట్లో చావైనా ఉండాలి, తగవైనా ఉండాలి. మూడో రోజుకు వాకిట్లో పదిమంది చేరారు.

"కొట్లాడుకున్నరేమోనే."

"కొట్లాడితె సప్పుడు రావాలె గద. సప్పుడే లేదు."

చివరికి ఒక ముసలామె తలుపు మీద కొట్టి, "ఓ దొరసానీ, ఉన్నవా, పోయినవా?" అని అడిగింది. అమ్మగారు చేతుల నిండా జొన్నపిండితో తలుపు తీసింది. వీళ్ళంతా తనను పలకరించడానికి వచ్చారనుకొని సంతోషపడిపోయింది. ఎక్కడో పట్నంలో పుస్తకాలు చదివి నేర్చుకున్న తెలుగులో, "దయచేసి మీరందరూ లోపలికి విచ్చేయండి" అన్నది.

"గీమె హరికథ చెప్తుందేందే," అని ముసలామె లోపలికి పోయింది. వెనకాలే అందరూ పోయారు. పెనం మీద రొట్టె చూసి నవ్వారట. ఒకామె ఆమెను పక్కకు జరిపి, పిండి తీసుకొని, తట్టి చూపించింది. ఆ రోజు నుంచి వాళ్ళ తలుపు పగలు మూయలేదు. రొట్టె మాత్రం గుండ్రంగా రావడానికి మూడేళ్ళు పట్టిందని అమ్మగారే చెప్పేది. అప్పటిదాకా అయ్యగారు విరిగినవీ మాడినవీ తిని, వాడలో బోరింగు పాడైతే పానా పట్టుకొని పోయేవారు. "అయ్యగారు వాక్యం చెప్పుడు తక్కువ, బోరింగు చేసుడు ఎక్కువ," అని మా తాత ఎగతాళి చేసేవాడు. అయ్యగారు, "నీళ్ళొస్తేనే గద వాక్యం వింటరు," అనేవారు.

వాళ్ళు వచ్చిన ఆ ఏడే మా అమ్మమ్మ చనిపోయింది. కాన్పు కష్టమై, తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. మా అమ్మ నాలుగేళ్ళ పిల్ల. ఏం జరిగిందో తెలియక శవం పక్కన కూర్చుంది.

మా దిక్కు పెండ్లైన ఆడది చనిపోతే తల్లిగారింటి నుంచి చీర రావాలి. పుట్టిన ఇల్లు ఆమెకు పెట్టే ఆఖరి బట్ట అది. ఆ చీర కప్పనిదే పీనుగను లేపరు. మా అమ్మమ్మ తల్లిగారోళ్ళు గద్వాల దిక్కువాళ్ళు. కబురు చెప్పడానికి మనిషి బస్సెక్కి పోయాడు. పొద్దు నెత్తిమీదికి వచ్చింది. ఎవరూ రాలేదు. అందరూ పందిరి కింద కూర్చొని దారి చూస్తున్నారు.

అమ్మగారు అది చూసింది. ఈ ఇంట్లో కప్పడానికి బట్ట కూడా లేదేమో, అడగలేక కూర్చున్నారేమో అనుకుంది. ఇంటికి ఉరికింది. వనపర్తిలో కొన్న కొత్త చీర, ఇంకా కట్టనిది, తెచ్చి మా అమ్మమ్మ మీద కప్పింది. కప్పి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. డప్పులు ఆగిపోయాయి. ఆ చీర ఆమె కప్పేది కాదని అప్పుడు ఎట్లా చెప్తారు?

కొంతసేపటికే అమ్మమ్మ తమ్ముళ్ళు ఇద్దరు వచ్చారు, చేతిలో గద్వాల చీరతో. బస్సు దొరకక సగం దారి నడిచి వచ్చారు. చిన్నవాడికి పద్దెనిమిదేళ్ళుంటాయి. అక్క మీద ఎవరిదో చీర చూశాడు.

"మా అక్కకు తల్లిగారోళ్ళు లేరనుకున్నవా? మేం సచ్చినమనుకున్నవా?"

అమ్మగారికి ఆ మాటలు తెలియలేదు, కోపం మాత్రం తెలిసింది. వాళ్ళు మట్టి వేయకుండానే, తెచ్చిన చీర తెచ్చినట్టే పట్టుకొని తిరిగి పోయారు. మా ఇంటికి, వాళ్ళ ఇంటికి రాకపోకలు తెగిపోయాయి.

ఆ సాయంత్రం, తలుపు కొట్టిన ముసలామె మా అమ్మను చెయ్యి పట్టుకొని అమ్మగారి ఇంటికి తీసుకుపోయింది.

"నువ్వు చీర కప్పినవు. ఇగ ఈ పిల్లకు అమ్మమ్మోళ్ళిల్లు నీదే. పెద్దమనిషైతె నువ్వే పెట్టాలె. పెండ్లైతె నువ్వే పెట్టాలె. తొలికాన్పుకు నీ ఇంటికే వస్తది. తెల్సి కప్పినవో తెల్వక కప్పినవో, కప్పినవు."

విడమరిచి చెప్పడానికి చాలాసేపు పట్టిందట. అర్థమైనాక అమ్మగారి ముఖం తెల్లబోయింది. ఆలుమగలు ఇద్దరూ వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. తర్వాత ఆమె ముసలామెతో, "మాకు తెలియదు. ఏమేమి చేయవలెనో చెప్పండి. చేసెదము," అన్నది. ఆ 'చేసెదము' మా వాడలో చాలా ఏళ్ళు నడిచింది. కలుపుకు రమ్మంటే చేసెదము, నీళ్ళు తెమ్మంటే చేసెదము.

అన్నట్టే చేశారు. మా అమ్మ పెద్దమనిషి అయినప్పుడు ఎండుకొబ్బరి కుడుకలు, నువ్వులు, బెల్లం, చీర గంపలో పెట్టుకొని వచ్చారు. గంప అయ్యగారి నెత్తిన ఉంది. చూడడానికి పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. ఆయన మెడ నిటారుగా పెట్టి, కళ్ళు మాత్రమే తిప్పుకుంటూ నడిచారని మా అమ్మ ఇప్పటికీ చేసి చూపిస్తుంది. పెండ్లికి మేనమామ స్థానంలో నిలబడి చేయి పట్టుకొని పందిట్లోకి తీసుకొచ్చింది ఆయనే. తొలికాన్పుకు మా అమ్మ పోయింది ఆ ఇంటికే. నేను పుట్టింది అక్కడ.

మా ఇంట్లో అప్పటిదాకా బడి గడప తొక్కినవాళ్ళు లేరు. దసరా దాటితే మా అమ్మానాన్న మేస్త్రీ వెంబడి పుణెకు పోయేవాళ్ళు, ఇండ్లు కట్టే పనికి. వానలు పడినాక తిరిగి వచ్చేవాళ్ళు. వాడలో పిల్లలందరూ తల్లిదండ్రులతోనే పోయేవారు. నన్ను మాత్రం వదిలి పోయేవాళ్ళు, ఎందుకంటే నాకు అమ్మమ్మ ఇల్లు ఉంది. అమ్మమ్మ ఇంట్లో మనవరాలు ఉంటే ఎవరూ మాట అనరు. నన్ను చూసి తర్వాత ఇంకా కొందరు తమ పిల్లలను అక్కడ వదలడం మొదలుపెట్టారు. మీలో ఆ ఇంట్లో ఉన్నవాళ్ళంతా అట్లా వచ్చినవాళ్ళే. ఆ ఇంటిని ఎవరో ఆలోచించి పెట్టిన హాస్టల్ అనుకుంటారు చాలామంది. అమ్మగారు తెలియక చేసిన ఒక తప్పు నుంచి, ఆ తప్పును తప్పించుకోకుండా నిలబడడం నుంచి అది పుట్టింది. ఈ సంగతి మీకు ఆమె ఎన్నడూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను.

మీ అందరికీ గుర్తున్నవే నాకూ గుర్తున్నాయి. తెల్లారి చీపురు సప్పుడు. పాలు పోయని టీ. బడికి పోయేటప్పుడు వరసగా నిలబెట్టి గోళ్ళు చూడడం. జవాబు రాక మనం ఏదో ఒకటి అల్లి చెబితే ఆమె ఒప్పుకునేది కాదు. "తెల్వదని చెప్పు బిడ్డా. తెల్వకుంటె నేర్సుకుంటం. తెల్సని చెప్తె గాడ్నే ఆగిపోతం." అప్పటికి ఆమె పుస్తకాల తెలుగు మొత్తం పోయి, మా అమ్మ కంటే ముదురు పాలమూరు మాట వచ్చేసింది. సంతకు పోతే బేరంలో ఆమెను గెలిచినవాళ్ళు లేరు. "జర సూసి చెప్పు, నేను కొత్తదాన్ని గాదు," అనేది.

కానీ డిసెంబరులో ఒక పది రోజులు ఆమె వేరే మనిషి అయ్యేది. క్రిస్మస్ పనులన్నీ చేస్తూనే ఉండేది, తన దిగులు ఎవరికీ కనపడనిచ్చేది కాదు. సాయంత్రం వాకిట్లో కూర్చొని వాళ్ళ భాషలో అయ్యగారితో మెల్లగా మాట్లాడేది. ఏం మాట్లాడుతున్నారని నేను అడిగితే, "మా అమ్మ పోసే పులుసు గురించి," అని నవ్వేది. ఇంకో ఏడు అడిగితే, "మంచు మీద నడిస్తే ఎట్ల సప్పుడైతదో యాది తెచ్చుకుంటున్నం. ఇద్దరికీ వేరేవేరేగ యాదికొస్తుంది," అన్నది.

ఇంటరు అయినాక నన్ను వనపర్తి కాలేజీలో చేర్చారు. అది మా ఊరికి ఎంతో దూరం కాదు, నాకు మాత్రం వేరే దేశమే. హాస్టల్లో నా మాటకు నవ్వేవాళ్ళు, అన్నం తినే తీరుకు నవ్వేవాళ్ళు. పదో రోజు సంచి సర్దుకొని ఇంటికి వచ్చేశాను. అమ్మగారు కోప్పడలేదు. రొట్టె పెట్టింది. తిన్నాక చెప్పింది.

"కొత్త ఊర్ల మొదటి ఆర్నెల్లు నువ్వు చంటిపిల్లవు. ఏమీ తెల్వదు. నవ్వేటోళ్ళను నవ్వనియ్యి. నవ్వినోళ్ళే నేర్పిస్తరు. నాకు గట్లనే నేర్పిండ్రు."

మరుసటి రోజు బస్సులో నాతో హాస్టల్ దాకా వచ్చింది. గేటు దగ్గర దించి, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో బడిపిల్లలకు పాఠం చెబుతున్నాను. మా ఇంట్లో మొదటి చదువు నాది.

ఆమెకు జ్వరం వచ్చిందని మా అమ్మ ఫోన్ చేసిన రోజు నేను సెలవు పెట్టి దవాఖానకు పోయాను. మంచం మీద ఆమె మాట్లాడుతూనే ఉంది, కళ్ళు మూసుకొని, ఆగకుండా. ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు. అది ఆమె చిన్ననాటి భాష. తెలుగు మొత్తం పోయింది. నర్సు వచ్చి, "ఏమంటుంది, నొప్పి ఎక్కడంట?" అని నన్ను అడిగింది. నేను అయ్యగారి వైపు చూశాను. ఆయన ఆమె నోటి దగ్గర చెవి పెట్టి విని, "దాహమైతుందంట," అన్నారు. ఆమె ఆఖరి రెండు రోజుల్లో అన్న మాటలన్నీ నాకు అట్లా ఆయన నోటి నుంచే అందాయి.

ఆమె చేయి పట్టుకొని నేను అదే ఆలోచించాను. నలభై ఏళ్ళ కిందట ఆమె వచ్చి మన మాట నేర్చుకుంది. తిట్లు కూడా నేర్చుకుంది. ఆమె ఇంట్లో పెరిగిన ఇంతమందిమి ఉన్నాం. దాహం అనే మాటను వాళ్ళ భాషలో ఏమంటారో ఒక్కరం అడగలేదు. అడగాలని తట్టలేదు. ఇది రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది. మంగళవారం పొద్దున ఆమె మాట ఆగిపోయింది.

మధ్యాహ్నానికి వాడకు తీసుకొచ్చాం. వనపర్తి నుంచి శవపెట్టె వచ్చింది. మబ్బు పట్టింది. ఇప్పటి పాస్టరు గారు మంచివాడు, కుర్రవాడు. వాన వచ్చేలోపు కానిద్దామని ప్రార్థన మొదలుపెట్టబోయాడు. అప్పటిదాకా కుర్చీలో కదలకుండా కూర్చున్న అయ్యగారు చేయి ఎత్తారు.

"ఆగుండ్రి. తల్లిగారింటి చీర రాలే."

పాస్టరు గారు వంగి, "అయ్యగారూ, మన విశ్వాసంలో అవేం లేవు కదా," అన్నాడు.

"మన విశ్వాసంల లేదు. మన ఊర్ల ఉంది."

ఎవరు తేవాలి? మా అమ్మ కప్పకూడదు, ఆమెది కూతురి వరస. నేను మనవరాలిని. వాడలో ఎవరిని చూసినా ఆమెకు బిడ్డలో మనవలో అవుతారు. ఇంతమంది ఉన్నాం, పుట్టింటి వరస ఒక్కరం లేము. వాళ్ళ అన్న కూతురు ఫోన్‌లో ఏడుస్తోంది, ఆమె అయ్యగారి వైపు మనిషి. మా అమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని లేచింది. గోడ పక్కకు పోయి గద్వాలకు ఫోన్ చేసింది. ఆమె చిన్న మేనమామకు, ఆనాడు చీర పట్టుకొని తిరిగి పోయిన చిన్నవాడికి, నాకు చిన్న తాత. మా అమ్మ పెండ్లి రోజు దూరం నుంచి చూసి పోయినవాడు, అంతకు మించి రాకపోక లేదు. "మామా, అమ్మగారు పోయింది. చీర లేదు," అన్నది, అంతే. అవతల ఏమన్నాడో మాకు తెలియదు.

చినుకులు మొదలయ్యాయి. పెట్టె మీద టార్పాలిన్ పట్టుకొని నిలబడ్డాం. మూడు గంటలు. ఎవరూ ఇంటికి పోలేదు.

చిన్న తాత మోటారుసైకిల్ వెనక కూర్చొని వచ్చాడు, నిలువునా తడిసి. చీర ప్లాస్టిక్ కవరులో చుట్టి, అంగీ లోపల పెట్టుకున్నాడు. ఎర్ర అంచు గద్వాల నూలు చీర. ఎవరినీ పలకరించకుండా నేరుగా పెట్టె దగ్గరికి పోయాడు.

"అప్పుడూ ఆలస్యమే, ఇప్పుడూ ఆలస్యమే," అన్నాడు, ఆమెతో అన్నట్టే. "మా అక్కకు నువ్వు కప్పినవు. మా అక్కకు తల్లిగారింటి మనిషివైనవు. మా ఇంటి ఆడివిల్లవే గద నువ్వు, మాకు అక్కవే. నాకే అర్థం కాలే ఇన్నేండ్లు."

చీర కప్పాడు. అంచులు సరిచేశాడు. తర్వాత అయ్యగారి దగ్గరికి వచ్చి, చేతులు పట్టుకొని, "బావా," అన్నాడు. దవాఖానలో ఏడవని మనిషి, అక్కడ ఏడ్చారు.

ఆమెను మా అమ్మమ్మ పక్కనే పెట్టాం.

ఇప్పుడు సంగతి ఇది. అయ్యగారికి చూపు తగ్గింది. పోయిన వారం స్నానాల గదిలో జారారు, దెబ్బ పెద్దది కాదు. అన్నం మా అమ్మ పెడుతుంది, దానికి లోటు లేదు. కానీ ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. కాగితం పొడిగించాలన్నా, ఆయనతో ఉండి చూసుకునేవాళ్ళు ఉన్నారని మనం రాసివ్వాలి. అబద్ధం రాసివ్వడం ఆయనకు ఇష్టం లేదు. అన్న కూతురు మంచి పిల్ల, ప్రేమతోనే పిలుస్తోంది. ఒకరోజు నేను సూటిగా అడిగాను, మీ మనసులో ఏముందని.

"ఆడ నా మాట మాట్లాడేటోళ్ళున్నరు. ఈడ ఆమె ఉంది," అన్నారు. మళ్ళీ ఆయనే, "మీకు బరువు కావొద్దు బిడ్డా. బరువైతె పోత," అన్నారు.

చిన్న తాత నెలలో ఒక వారం వచ్చి ఉంటానన్నాడు. "బావను పంపియ్యకుండ్రి, ఊరు నవ్వుతది," అని గట్టిగా చెప్పి పోయాడు. ఒక వారం నేను, నాగర్‌కర్నూల్ నుంచి రోజూ బస్సులో తిరుగుతాను. ఇంకా రెండు వారాలు మిగిలాయి. ప్రతి నెలా రెండు వారాలు. అచ్చంపేటలో ఉన్నవాళ్ళు, ఉప్పునుంతలలో ఉన్నవాళ్ళు, హైదరాబాదులో పనిచేసేవాళ్ళు, మీలో ఇరవై నాలుగు మంది తలా ఏడాదికి ఒక్క వారం ఇవ్వగలిగితే ఆ రెండు వారాలు నిండుతాయి. ఆయనకు కథలు అక్కర్లేదు, సేవలు అక్కర్లేదు. ఇంట్లో ఇంకొకరి సప్పుడు ఉంటే చాలు. వచ్చినవాళ్ళు వాళ్ళ భాషలో రోజుకు ఒక మాట అడిగి నేర్చుకోండి. నేను మొదలుపెట్టాను, దాహంతో.

పోయిన ఆదివారం గుడిలో ప్రార్థన అయినాక ఆయన వాకిట్లో స్టూలు వేసుకొని కూర్చున్నారు. మెడ చుట్టూ దుప్పటి ఆయనే చుట్టుకున్నారు. ఒడిలో కత్తెర, దువ్వెన. ఇన్నేళ్ళూ ఆయన జుట్టు కత్తిరించింది ఆమె ఒక్కతే. చెవుల మీదికి తెల్లగా పెరిగిపోయింది. ఆయన అట్లా కూర్చొని ఎంతసేపైందో తెలియదు, ఎవరినీ పిలవలేదు. నేను పోయి కత్తెర తీసుకున్నాను. నాకు రాదు. "నాకు తెల్వదు," అని చెప్పాను. "జర చెవులు వదిలిపెట్టు," అన్నారు. ఒక పక్క ఎక్కువ పోయింది, సరిచేయబోతే ఇంకా ఎక్కువ పోయింది. అద్దం ఇచ్చాను. చాలాసేపు చూసుకున్నారు. "ఇట్ల పోతె మా దేశంల దిగనియ్యరు," అన్నారు. భుజాల మీద తెల్ల వెంట్రుకలు అట్లాగే ఉన్నాయి, దులపలేదు. నేనూ దులపలేదు.

నా నంబరు మీ దగ్గర ఉంది. పదో తారీఖు లోపు ఒక్క ముక్క రాయండి, ఏ నెలలో ఏ వారం రాగలరో. రాలేకపోతే రాలేనని రాయండి, తప్పు పట్టను. పదిహేనున ఆయనతో వనపర్తికి పోయేది నేనే. పోయేటప్పుడు ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఒక జవాబు ఉండాలి.